నల్లపొట్టేలు సత్రంలో పంక్తి భోజనం

పొగమంచు కొండ దిగి రాలేదు. కొండనే తనతోపాటు కిందికి లాక్కొచ్చినట్టుంది. డైనా ఫియరన్ జీవాల వెనక నడుస్తోందో, జీవాలే ఆమెని ఈడ్చుకుపోతున్నాయో ఆమెకే తెలియదు. రాత్రంతా రాతిగోడ చాటున కునికిందే గాని నిద్రపోలేదు. ఒంట్లో బరువు లేదు. ముందు గొర్రెల వీపులు తెల్లగా తేలుతున్నాయి, కాళ్లు కనపడవు. కింద ఎక్కడో నల్లపొట్టేలు సత్రం పొగగొట్టంలోంచి మట్టిబొగ్గు పొగ, దాంట్లో కలిసి మాంసం ఉడుకుతున్న వాసన. ఆ వాసనే దారి. కుక్క కూడా ముక్కెత్తి దాన్నే పట్టుకుని నడుస్తోంది.

ఏటా నవంబరులో లోయలోని కాపరులంతా తమ మందల్లో కలిసిపోయిన పరాయి జీవాల్ని ఈ సత్రం దొడ్లోకి తోలుకొస్తారు. ఎవరివి వాళ్లకి అప్పజెప్పుకుని, లోపల పొడుగుబల్ల చుట్టూ కూర్చుని ఒకే కుండలోంచి తింటారు. ఇక్కడ అసలు సంగతి తిండి కాదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడే కాపరి. వాడి మందని దింపడానికి మిగతావాళ్లు కొండెక్కుతారు. కూర్చోనివాడి కోసం ఎవడూ ఎక్కడు. ఒంటరిగా ఆ కొండ మీది మందని దింపడం ఎవరి తరమూ కాదు. ఆ కొండ దొరది. దింపలేనివాళ్లని ఆయన గుమాస్తా కౌల్లోంచి తీసేస్తాడు.

డైనా మొగుడు వాల్టర్ మొన్న వసంతంలో పోయాడు. మంద ఉంది, కౌలు ఉంది, కుక్క ఉంది. బల్ల దగ్గర చోటే లేదు. ఆ బల్ల దగ్గర ఆడది ఏనాడూ కూర్చోలేదు. వండింది, అంట్లు తోమింది. పంక్తి మాత్రం మగాళ్లది. ఎవడు రాశాడీ కట్టుబాటు? ఎవడూ రాయలేదు. రాసి ఉంటే చించెయ్యొచ్చు.

దొడ్లో జీవాలు ఆవిర్లు కక్కుతున్నాయి. డైనా తోలుకొచ్చిన వాటిలో జాస్ మౌన్సీ గొర్రె ఒకటుంది. జాస్ లోయలో అందరికన్నా పెద్దవాడు, పంక్తికి పెద్ద. దొడ్లో చెవి గుర్తులు చూసి ఏ జీవం ఎవరిదో తేల్చేది ఆయనే. ఆయన గొర్రెని దొడ్లో ఆయన జీవాలున్న మూలకి వదులుతూ డైనా ఆగిపోయింది. అక్కడ ఒక గొర్రె నడుం మీద జాస్ మంద గుర్తు, ఎర్ర రంగు పట్టె ఉంది. చెవి చూస్తే ఎడమదానికి చీలిక, కుడిదానికి గుండ్రటి గాటు. అది ఫియరన్ మంద చెవి గుర్తు. చెవి పిల్లప్పుడే కోస్తారు, అది మారదు. పట్టె ఏటేటా ఉన్ని కత్తిరించాక వేస్తారు. పరాయి చెవి మీద సొంత రంగు వెయ్యడాన్ని ఈ కొండల్లో దొంగతనం అంటారు. అలా వేసినవాడికి మళ్లీ పంక్తి లేదు.

ఆమె తలెత్తింది. జాస్ దొడ్డి గడియ కోసం కొయ్య వెంబడే చెయ్యి జార్చుకుంటూ వస్తున్నాడు. గడియ ఎదురుగానే ఉంది. చెయ్యి దాన్ని దాటిపోయింది, మళ్లీ వెనక్కొచ్చింది.

ముసలాడు దొంగ కాడు. కళ్లు పోయాయి.

ఒక్క మాట. గట్టిగా ఒక్క మాటంటే బల్ల దగ్గర ఒక చోటు ఖాళీ అవుతుంది. ఆ మాట డైనా నాలుక మీద తియ్యగా తిరిగింది. దాన్ని అలాగే నోట్లో పెట్టుకుని లోపలికి నడిచింది.

లోపల మంటా, పొగా, తడి ఉన్ని కోట్ల వాసనా. సత్రం నడిపే మెర్సీ కుండ తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసింది. పైన ఎర్రగా కాలిన బంగాళాదుంప బిళ్లలు, కింద మెడమాంసం, నెత్తురు కూరిన పేగు ముక్కలు కరిగి చిక్కగా నల్లబడ్డ పులుసు. ఆవిరికి మొహాలన్నీ చెరిగిపోయాయి. యుద్ధం అయిపోయినా రేషను కార్డులు పోని రోజులు. ఆ ఆవిరి చూస్తూ అందరూ కాసేపు చిన్నపిల్లలైపోయారు.

"డైనా, పో అమ్మాయ్, వంటింట్లో మెర్సీకి చెయ్యందించు. నీకూ పళ్లెం పంపిస్తాంలే," అన్నాడు జాస్.

"నీ గొర్రెని తెచ్చింది నేను పెద్దాయనా. తెచ్చినవాళ్లకి సొంతదారు తన చేత్తో మొదటి పళ్లెం వడ్డించాలి. ఈ బల్ల దగ్గర. వంటింట్లో కాదు."

"అది మగాళ్ల సంగతే."

"గొర్రెనడుగు, తోలింది మగాడా కాదా అని."

బల్ల చివర ఎడ్విన్ అనే కాపరి బీరు గ్లాసుతోనే పగలబడి నవ్వాడు. "వడ్డించెయ్ జాస్! కట్టుబాటు కట్టుబాటని మా చెవులు కొరికేది నువ్వేగా!"

జాస్ మూతి బిగించి గరిటె ముంచాడు. ఎత్తాడు. వంచాడు. పులుసంతా పళ్లేనికి ఇవతల బల్ల మీద పడింది.

"అప్పుడే ఎక్కిందిరా ముసలాడికి!" అని ఒకటే నవ్వులు.

జాస్ మొహం సున్నం కొట్టినట్టయింది. డైనా పళ్లేన్ని గరిటె కిందికి జరిపింది. రెండో గరిటె సరిగ్గా పడింది.

"చూశావా?" అన్నాడాయన గొంతు తగ్గించి.

"చూశాను. దొడ్లో నా గొర్రెనీ చూశాను. నీ ఎర్ర పట్టె వేసుకుని తిరుగుతోంది."

జాస్ గరిటె కుండలో పెట్టేశాడు. "అయితే అనెయ్. అందరికీ వినపడేలా అను. నా చోటు నీకొస్తుంది."

ఆవిరి ఇద్దరి మధ్యా మెల్లగా తిరుగుతోంది. బయట మంచులో జీవాలు ఎవరి కలలోనో అరుస్తున్నట్టు అరుస్తున్నాయి. ఆమెకి ఆకలి, ఒళ్లు తూలే ఆకలి. చెప్పెయ్యడం ఎంత తేలిక!

"నీ చోటు ఎవడిక్కావాలి? నిన్ను గెంటితే వచ్చేది నాకొద్దు," అంది డైనా. "నాది నాక్కావాలి. జరుగు."

జాస్ జరగలేదు. లేచి నిలబడ్డాడు. బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"వినండర్రా. నా రంగు ఫియరన్ చెవి మీద పడింది. దొంగతనం కాదు. గడ్డికోతల నాటినుంచి నాకు కళ్లు ఆనడం లేదు. ఏం చేస్తారో చెయ్యండి."

ఎవడూ ఎవడి మొహమూ చూడలేదు.

చివరికి ఎడ్విన్ గొణిగాడు. "మరి వచ్చే ఏడు దొడ్లో చెవులు చూసి పంచేదెవరు?"

"నా పక్కన నిలబడిందెవరో కనపడ్డం లేదా?" జాస్ గయ్యిమన్నాడు. "కళ్లు పోయింది నాకా, మీకా?"

ముందు మెర్సీ నవ్వింది, వంటింటి గుమ్మంలోంచి. తర్వాత ఒకడు బెంచీ మీద జరిగాడు, వాడి పక్కవాడు సణుగుతూ జరిగాడు. ఇద్దరు మటుకు జరగలేదు. పళ్లేల్లోకి చూస్తూ కూర్చున్నారు. వాళ్లు ఆ తర్వాత కూడా జరగలేదు. అయినా చోటు సరిపోయింది.

డైనా కూర్చుంది. ఎవరో ఊరేసిన ఎర్ర క్యాబేజీ గిన్నె ఆమె వైపు తోశారు. మాంసం ఎముకనుంచి దానంతటదే జారింది. మొదటి ముద్ద వేడికి కళ్లు మూతలు పడ్డాయి. చుట్టూ మగాళ్లు కొండ దింపుడు గురించి వాదించుకుంటున్నారు, పడమటి వాలుకి ఎవరెక్కాలి, ఎన్ని కుక్కలు కావాలని. ఆ వాదనలో ఫియరన్ మంద పేరు వచ్చింది. ఆమె కళ్లు తెరవకుండానే, నోట్లో ముద్దతోనే, "పడమటికి నేనెక్కుతా," అంది.