బిగించిన మూత

చెల్లెలి సంచి నేనే సర్దాను. రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన, వాటి పక్కన ఐదు లీటర్ల బురద డబ్బా.

ఆ బురదకు ప్రాణం ఉంది. మా అద్దకం మిల్లులో వాడేసిన రంగునీళ్లు కాలవలోకి పోకముందు ఒక తొట్టిలో ఆగుతాయి. ఆ మురికిని తిని బతికే సూక్ష్మజీవులు బురదలో ఉంటాయి. వాటిని మేపి కాపాడడం చెల్లెలి ఉద్యోగం. పై ఊరి మిల్లులో కొత్తగా తొట్టి కట్టారు. ఈ బురద తీసుకెళ్లి అందులో కలిపి, అది నిలదొక్కుకున్నాక రావాలి.

"పెరుగుకు తోడేసినట్టేనే అక్కా. పదిరోజుల్లో వచ్చేస్తా."

"పదకొండో రోజు నేను గుమ్మంలో ఉంటా."

"బస్సు కదలకముందే ఉంటావు. నాకు తెలీదూ!"

ఆమె జడ వేసుకోవడానికి లోపలికి వెళ్లింది. డబ్బా మూత వదులుగా ఉంది. చీరల మీద ఒలికితే? బస్సులో నలుగురూ ముక్కు మూసుకుంటే? మూత బిగించాను. పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, పురికొసతో మూడు ముళ్లు వేశాను. సంచి జిప్పు లాగేసి చేతికిచ్చాను.

మర్నాడు మిల్లు ఆఫీసుకు ఫోన్ చేసి నన్ను పిలిపించింది.

"అక్కా, మూత బిగించావా?"

"ఒలుకుతుందని..."

"వాటికీ ఊపిరి కావాలే తల్లీ! కావాలనే వదులుగా పెట్టాను. అన్నీ చచ్చాయి. మూత తీశానో లేదో, ఇక్కడి ఇంజనీరు పరుగో పరుగు!" పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఇంకో డబ్బా పంపిస్తానే."

"మేనేజరు ఇవ్వనన్నాడు. ఇంకా తీస్తే అక్కడి తొట్టి నీరసిస్తుందట. పేడ కలిపి ఇక్కడే పెంచుతాలే. మూడు నెలలు పడుతుంది."

ఉత్తరాలు వచ్చేవి. నురుగు తగ్గిందని ఒకసారి, బురద నల్లరంగు పోయి గోధుమరంగుకు తిరిగిందని ఒకసారి. కూడబలుక్కుని చదువుకునేదాన్ని. ఆఖరి దాంట్లో ఇలా రాసింది: 'ఇవాళ కాలవలో దిగితే నా పాదాలు నాకు కనిపించాయే. శనివారం వస్తున్నా.'

శుక్రవారం పంపు పట్టేసింది. బాగుచేయడానికి చెల్లెలు మురుగు గోతిలోకి దిగింది. అడుగున విషపు గాలి చేరి ఉంది.

ఆ కబురు నాకు ఆలస్యంగా చేరింది. శనివారం పొద్దున్నుంచీ గుమ్మంలోనే ఉన్నాను.

ఇప్పటికీ ఇంట్లో ఏ డబ్బా మూతా బిగించను. చీమలు పడితే పడతాయి.

నా చెల్లెలు తిరిగి రాలేదు. మొన్న శుక్రవారానికి ముప్పై నాలుగేళ్లు.