జ్వరమొచ్చిన సంచులు

దగ్గరికి జరుగు బిడ్డా, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. ఇది రాజుల కథ కాదు. పుప్పాలగూడలో, అద్దాల మేడల వెనక సందులో, ఒక రేకుల షెడ్డు ఊడ్చే చంద్రమ్మ కథ. మధ్యలో లేవకుండా విను.

మే నెల, మిట్టమధ్యాహ్నం. పైన రేకులు నిప్పులు కక్కుతున్నాయి. పొద్దుటి నుంచి ఉక్కు కోసే నాలుగు లేత్ మిషన్లనూ తుడిచి తుడిచి చంద్రమ్మ భుజాలు పడిపోయాయి. తుడిచిన బనియన్ గుడ్డలు నూనె కారుతూ గుట్టగా పడి ఉన్నాయి. ఎప్పటిలాగే వాటిని వెనక గోడ మీద తీగకు ఆరేస్తోంది. ఓనరు గిరీష్ బయటికొచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏందమ్మా ఈ తోరణాలు? ఎవరి పెండ్లి? మూడింటికి కంపెనీ మేడమ్ వస్తాంది. అన్నీ పీకి సంచుల్లో కుక్కు."

"తడి మీదున్నయి సారూ. జర ఆరనియ్యండి."

"ఆరి యాడికి పోవల్ల? ఇటుక బట్టీకే కదా పోయేది. కుక్కు!"

కుక్కింది. కాలితో తొక్కి మరీ కుక్కింది. అయిదు సంచులయ్యాయి. పెట్టడానికి వేరే చోటు లేదు. అటకకు పోయే చెక్క మెట్ల కిందకు నెట్టింది. ఆ అటక మీదే నరేందర్, ఇంకో ముగ్గురు పనివాళ్లు వండుకుని, తిని, పడుకునేది.

ఈ నూనె సంగతి కొంచెం చెప్పాలి. మిషను మీద ఉక్కు గిర్రున తిరుగుతుంటే, దాన్ని కోసే పనిముట్టు కాలిపోకుండా పైనుంచి నూనె ధార పడుతూనే ఉండాలి. మొదట్లో వాడింది భూమిలోంచి తీసిన నల్ల నూనె. ఆ నూనెలో తడిసి తడిసి నరేందర్ చేతులు మోచేతుల దాకా పొక్కాయి. చీము కారేది. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు. నిరుడు గచ్చిబౌలిలో కొత్త మేడ కట్టే కంపెనీ ఒకటి, పర్యావరణానికి మంచిదని, మా అద్దాలు పట్టుకునే ఉక్కు బిగింపులన్నీ మొక్కల నూనెతోనే కోయాలి, కాగితం రాసివ్వాలి అంది. అప్పుడొచ్చాయి నీలం డ్రమ్ములు. ఆముదంతో చేసిన నూనె, లీటరు నాలుగు వందల ఇరవై. రెండు నెలలు తిరక్కుండా నరేందర్ చేతులు మానాయి.

"చూడు చంద్రమ్మక్కా, పెండ్లికొడుకు చేతుల్లెక్కయినయ్," అని మురిశాడు.

"చేతులు సరే తమ్మీ, మొఖం సంగతేంది మరి?" అంది చంద్రమ్మ. షెడ్డంతా నవ్వింది.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. గిరీష్‌కు ఒక తెలివి పుట్టింది. వాళ్లడిగింది మొక్కల నూనే కదా, బజ్జీలు వేగిన నూనె మాత్రం మొక్కది కాదా? ఆఫీసుల కింది హోటళ్లలో వాడి పారబోసే నూనెను లీటరు అరవైకి తెప్పించి, పాత చీరలో వడగట్టి, అవే నీలం డ్రమ్ముల్లో పోయించాడు. మొదటి వారం మిషన్లు తిరుగుతుంటే మిరపకాయ బజ్జీల వాసన వచ్చి అందరికీ ఆకలేసింది. మూడో వారానికి తొట్లలో నూనె పులిసింది. మిషన్లకు జిగురు పట్టింది. పొగ గొంతులో దిగి కారంలా మండింది. నరేందర్ చేతులు మళ్లీ పొక్కాయి.

అందరూ చేతులు చూసుకుంటుంటే చంద్రమ్మ ఒక్కతే గుడ్డలను చూసింది. ఇనుము పని చేసేవాళ్లకు తెలియనిది ఆమెకు ఒకటి తెలుసు. ఈ షెడ్డుకు రాకముందు కొండాపూర్‌లో ఒక ఫంక్షన్ హాలు వంటశాలలో పదేళ్లు గిన్నెలు తోమింది. ఒక పెళ్లి మర్నాడు, మూకుళ్లు తుడిచిన గుడ్డల్ని గంపలో ముద్దగా వేసి మరిచిపోయారు. అగ్గిపుల్ల గీసినవాడు లేడు, బీడీ తాగినవాడు లేడు. గంప దానంతటదే అంటుకుని తలుపు సగం కాలింది. వంటల యజ్ఞనారాయణ అప్పుడు చెప్పాడు: "వంట నూనె గుడ్డ మూలిగే ముసలిదమ్మా. గాలి తగిలితే ఊరుకుంటుంది. ముద్దచేసి మూల పెడితే లోపల్లోపల కాగుతుంది." నల్ల నూనె గుడ్డలు ఏళ్ల తరబడి అదే మెట్ల కింద పడున్నా ఏమీ కాలేదు. అందుకే షెడ్డులో ఎవరికీ భయం లేదు; వంట నూనె వచ్చాక చంద్రమ్మ ఒక్కతే గుడ్డలు తీగకు ఆరేయడం మొదలుపెట్టింది.

మూడున్నరకు ఆ మేడ కట్టే కంపెనీ మేడమ్ కిరణ్మయి నూనె తనిఖీకి వచ్చింది. నీలం డ్రమ్ములకు ఫొటో తీసుకుంది. గాలి పీల్చి, "స్మెల్ నేచురల్‌గా ఉందండి," అంది. నరేందర్ చేతి దగ్గర ఆగి, "ఇదేమిటి, అలర్జీనా?" అని అడిగింది.

"ఎండాకాలం కదా మేడమ్, చెమటకాయలు," అన్నాడు గిరీష్.

నరేందర్ గిరీష్ కళ్లు చూసి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మేడమ్ కాగితం మీద సంతకం పెట్టి పది నిమిషాల్లో కారెక్కింది.

ఆరున్నరకు మిషన్లు ఆగాయి. అటక మీద స్టవ్వు వెలిగింది, బియ్యం కడుగుతున్న చప్పుడు. మెట్ల దగ్గర ఊడుస్తున్న చంద్రమ్మకు ముక్కులో ఏదో గుచ్చుకుంది. మాడిన పెయింటు లాంటి వాసన. వంగి ఒక సంచి మీద చెయ్యి వేసింది. అప్పుడే పెనం మీంచి దించిన రొట్టెలా ఉంది. మూతి విప్పి గుడ్డల నడుమకు చెయ్యి పోనిచ్చి, చటుక్కున లాక్కుంది.

గిరీష్ ఏదో రిసెప్షనుకు తయారై అత్తరు కొట్టుకుంటున్నాడు.

"సారూ, సంచులు కాలుతున్నయ్. లోపల చెయ్యి పెట్టలేం."

"సంచికి జరమొచ్చిందా?" గిరీష్ పకపకా నవ్వాడు. "ఒక మాత్ర ఎయ్యి. రేకుల కింద నా నెత్తి కూడా కాలతాంది, నన్నూ బయట పారేస్తావా? టైమైతాంది. షట్టర్ దించి తాళమెయ్యి పో."

రెండు నెలల కిందట ఇత్తడి కడ్డీల కట్ట ఒకటి పోయింది. దొంగ దొరకలేదు. దొరకలేదు కాబట్టి పనివాళ్లే దొంగలు. అప్పటినుంచీ చీకటి పడితే నలుగురినీ లోపల పెట్టి బయట తాళం వేయడం ఆనవాయితీ అయింది. వేసేది చంద్రమ్మ. నెలకు తొమ్మిదిన్నర వేల జీతం, షెడ్డును ఆనుకున్న గది కిరాయి లేకుండా. అరవై రోజులు ఆమె చేత్తోనే వేసింది. లోపల ఎవరో దగ్గితే తన గదిలోకి వినబడేది. విని కూడా పడుకునేది.

కొంగున ఉన్న తాళంచెవి విప్పింది. షట్టర్ కొక్కెం మీద చెయ్యి పెట్టింది. అదే చెయ్యి, ఇందాక సంచిలో పెట్టింది. ఇంకా చురుక్కుమంటోంది.

"తాళం వెయ్య సారూ."

"ఏమంటివి?"

"పొయ్యి మీద పాలు పెడితేనే ఒక మనిషి కాపలుంటడు. మీరు పొయ్యి కింద పెట్టిన్రు, మనుషుల్ని పైన పెట్టిన్రు. బయట తాళం నన్నెయ్యమంటున్రు. నా చేతులతోని కాదు." తలెత్తి కేకేసింది. "నరేందరూ! స్టవ్వు బంద్ జేసి అందరు దిగున్రి. సంచులు రోడ్డు మీదికి గుంజాలె."

"రేపు గది ఖాళీ చెయ్యల్ల, తెలుసునా? సామాను రోడ్డు మీద ఉంటాది!"

"ఉండనియ్యి. సామాన్కు పానం లేదు."

నలుగురూ దిగారు. పొక్కిన చేతులతో నరేందర్ మొదటి సంచి ఈడ్చాడు. ఒకటి, రెండు, మూడు. ఇరుకు సందులోకి తిరిగిన ఆఫీసు బస్సు వాటి ముందు ఆగి హారను మోగించింది. "ఏయ్, తియ్యండి!" అని డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"తాళంచెవి ఇట్లియ్యి. నేనే ఏసుకుంటా," అని గిరీష్ చెయ్యి చాపాడు.

చంద్రమ్మ గుప్పిట బిగించింది.

మూడో సంచి మూతి నుంచి దారంలాంటి తెల్లటి పొగ లేచింది. సన్నగా, తిన్నగా, తొందరేమీ లేనట్టు. హారను ఆగిపోయింది. ఇంకా రెండు సంచులు మెట్ల కిందే ఉన్నాయి. గిరీష్ చాపిన చెయ్యి అలాగే ఉంది.

తర్వాతేమైందని నన్నడగకు బిడ్డా. ఇంతవరకు గుర్తుంచుకో. నీ ఆఫీసులో అద్దం పక్కన నిలబడ్డప్పుడు, దాన్ని పట్టుకున్న ఉక్కు ముక్కను ఒకసారి వేలితో తాకు. పక్కన ఎవరుంటే వాళ్లకు చెప్పు: చంద్రమ్మ అనే ఆమె ఒకరోజు తాళం వేయనందని.