పదకొండేళ్ళ అనుభవం

కారు చక్రానికి రబ్బరు పూత వేయడమంటే గోడకు సున్నం కొట్టడం లాంటిదనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అలాంటివాళ్ళు రబ్బరక్క షాపులో ఒక గంట నిలబడితే చాలు, నోరు మూసుకుని వెళ్ళిపోతారు. గన్నుతో చిమ్మిన రబ్బరు రిమ్ము మీద ఆరి, తోలులా పట్టుకోవాలి. వానకీ బురదకీ చెక్కుచెదరకూడదు. కానీ రెండేళ్ళ తర్వాత కారు యజమానికి ఆ రంగు మీద మొహం మొత్తి, అంచు గోటితో లేపి లాగితే మాత్రం ఒక్క ముక్కగా ఊడి రావాలి. కింద అసలు రిమ్ము చిన్న గీతయినా పడకుండా బయటపడాలి. గట్టిగా పట్టుకోవడం, అడిగినప్పుడు వదిలేయడం, ఈ రెండూ ఒకే పూతతో చేయించడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు, ఓపిక కావాలి. మొదటి పూత ఎంత పల్చగా పడాలంటే, వేశామా లేదా అని వేసినవాళ్ళకే అనుమానం రావాలి. అది ఆరేదాకా ఆగాలి. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి ఐదు తడి పూతలు. మూడింటితో సరిపెట్టినా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. ఊడదీసే రోజున మాత్రం పొట్టు పొట్టుగా రాలుతూ ప్రాణం తోడేస్తుంది. రబ్బరక్క ఇదంతా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో, సొంత స్కూటర్‌ని మూడుసార్లు పాడుచేసుకుని నేర్చుకుంది. మొదటి ఆరు నెలలూ పక్క పంచర్ షాపువాడు నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినబడేది. తర్వాత తన దగ్గరికొచ్చిన కార్లను ఆమె దగ్గరికి పంపించిందీ వాడే.

తమ్ముడు వచ్చి మూడేళ్ళయింది. ఫోన్లమ్మే షాపులో ఉద్యోగం పోయి, పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని దిగులుగా కూర్చుంటే, చూడలేక ఆమే పిలిచింది.

"రారా. నా దగ్గర చెయ్యి ఉంది, నోరు లేదు. నువ్వు నోరు పట్రా" అంది.

వాడి నోటి సంగతి చెప్పాలా! చక్రాల కోసం వచ్చినవాణ్ణి గ్రిల్లూ, అద్దాల అంచులూ, క్రోము పట్టీలూ కూడా నల్లగా చేయించుకోవడానికి ఒప్పించి గానీ బయటికి పంపేవాడు కాదు. ముందు గది వాడిది, వెనక గది ఆమెది. వెనక గదిలో ఎప్పుడూ మూతికీ ముక్కుకీ మాస్కు ఉంటుంది గనక మాట్లాడే వీలు లేదు, మాట్లాడాలని ఆమెకు సరదా కూడా లేదు. వచ్చిన కొత్తలో తమ్ముడు "మా అక్క వేస్తుందండీ" అనేవాడు. కొన్నాళ్ళకు అది "మేం వేస్తామండీ" అయింది. ఈమధ్య "వదిలేయండి, నేను చూసుకుంటాను" అంటున్నాడు. జనం వాణ్ణి మాస్టరూ అని పిలుస్తున్నారు. ఆమె ఇవన్నీ వినకపోలేదు. విని నవ్వుకుంది. తమ్ముడికి నలుగురిలో మర్యాద దొరికితే అక్క మురిసిపోతుంది గానీ మాటలు పట్టుకుని పీకుతుందా? పీకాల్సిందే. ఆమెకు ఆ బుద్ధి లేకపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం ఒక తెల్లకారు వెనక గదిలోకి వచ్చింది.

"ఒక డాక్టరుగారిదక్కా. నాలుగు చక్రాలూ రేపు పొద్దున్నకల్లా కావాలట. నీ పనితనమంతా చూపించాలి మరి, మాట రాకూడదు" అని చెప్పి, టేపు చుట్టలు కొనుక్కొస్తానని తమ్ముడు బయటికి పోయాడు.

ఆమె చక్రాలకు పట్టిన బ్రేకుల మసి కడిగి, జిడ్డు వదిలించి, తుడిచింది. చక్రాన్ని కారు నుంచి విప్పకుండానే పూత వేస్తారు. టైరుకి రబ్బరు అంటకుండా, రిమ్ముకీ టైరుకీ మధ్య సందులో చుట్టూ పేకముక్కలు దూరుస్తారు, ఒకదాని అంచు మీద ఇంకొకటి. రాజైనా రాణైనా టైరు చుట్టూ నిలబడి పూత తినాల్సిందే. ఆమె దగ్గరున్న ముక్కలు పూత మీద పూత పడి అట్టల్లా లావెక్కాయి. ఈ కారు సందులో దూరనని మొరాయించాయి. ఇలాంటప్పుడు ఆమె రంగుల కంపెనీల ఏజెంట్లు ఇచ్చిపోయే విజిటింగ్ కార్డులు వాడేస్తుంది. ఎంతటి మొనగాడి కార్డయినా సరే ఆమె చేతిలో పడితే చదవడమంటూ ఉండదు, నేరుగా టైరు సందులోకే. తమ్ముడి బల్ల కింద వెతికితే ఒక అట్టపెట్టె నిండా కొత్త కార్డులు కనబడ్డాయి. మంచి దళసరి కార్డులు. ఎవరో ఉదారమైన ఏజెంటు అనుకుని, మనసులోనే అతనికి ఒక దణ్ణం పెట్టి పట్టుకొచ్చింది.

ముందు రెండు చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటిగా, ఇది ఆరేలోపు అది, అది ఆరేలోపు ఇది, చక్రానికి ఆరు పూతల చొప్పున వేసింది. బొగ్గు రంగు. ఎక్కడా చుక్క లేదు, నలుసు లేదు. డాక్టరుగారు ఎవరో గానీ అదృష్టవంతుడు అనుకుంది.

చివరి పూత తడిగా ఉండగానే కార్డులు లాగేయాలి, ఆరనిస్తే అంచు చిరుగుతుంది. లాగి నేల మీద పడేస్తూ ఉంటే ఒక కార్డు దగ్గర చెయ్యి ఆగింది. పై సగం బొగ్గు రంగు మెత్తుకుని ఉంది. సందులో దాక్కున్న కింది సగం శుభ్రంగా ఉంది. అక్కడ ఒక ఫోను నంబరు. ఆమెకు నంబర్లు గుర్తుండవు. ఆ ఒక్క నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అది తమ్ముడిది.

మిగతా కార్డులు కూడా లాగేసి, అంచులు సరిచూసి, అప్పుడు గ్లవ్స్ తీసి పెట్టె దగ్గరికి వెళ్ళింది. పని సగంలో వదలడం ఆమెకు చేతకాదు. ఒక కార్డు తీసి, జన్మలో మొదటిసారిగా విజిటింగ్ కార్డు చదివింది.

పైన పెద్ద అక్షరాల్లో ఏదో కొత్త షాపు పేరు. యజమానులంటూ రెండు పేర్లు: తమ్ముడిది, వాడి బావమరిదిది. పక్కన ఒక చక్రం ఫోటో. ఆ చక్రానికి పోయిన ఏడాది ఇత్తడి రంగు పూత వేసింది ఆమే, మూడుసార్లు ఊడదీస్తే నాలుగోసారికి కుదిరింది. ఫోటో కింద, "పదకొండేళ్ళ అనుభవం. ఒక్క లాగుతో ఊడివచ్చే పూత." వెనక వైపు, రేపు పొద్దున్న పదింటికి ప్రారంభం.

డాక్టరుగారు అక్కడికక్కడే మాయమైపోయాడు. ఆమె తెల్లకారు వంక చూసింది. మెరిసిపోతున్న రెండు చక్రాల వంక చూసింది. రేపు ఆ షాపు ముందు నిలబెట్టే కారుని తన చేతులతో తానే సింగారిస్తోంది. తన పేరు లేకపోవడం కంటే ఆ పదకొండు అంకె ఆమెను ఎక్కువ కోసింది. తమ్ముడివి మూడేళ్ళు. బావమరిదికి రిమ్మేదో టైరేదో తెలియదు. మరి పదకొండేళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

తమ్ముడు టేపు చుట్టలు చేతికి గాజుల్లా తొడుక్కుని, ఈల వేసుకుంటూ వచ్చాడు.

"ఏంటక్కా, రెండేనా అయింది?"

ఆమె కార్డు చూపించింది. ఈల ఆగింది.

"చెబుదామనే అనుకున్నానక్కా."

"ఎప్పుడు? ప్రారంభం అయిపోయాకా?"

"బావ తొందరపెట్టేశాడు. పెద్దరోడ్డు మీద చోటు దొరికింది, ముందంతా అద్దాలు. నువ్వేమంటావోనని..."

"అడిగితే కదరా నేనేమంటానో తెలిసేది! ఈ కారు ఎవరిది?"

"బావది" అన్నాడు నేల చూస్తూ.

"సరే. నన్ను వదిలేసి వెళ్ళిపోతున్నావు. ఆ ముక్క మొహం మీద చెప్పొచ్చుగా?"

తమ్ముడు తెల్లబోయాడు. అందులో నటన లేదు.

"వదిలేయడమేంటక్కా? నువ్వు లేకుండా ఎలా? పూత వేసేది నువ్వే కదా! వెనకాల నీకోసం గది కట్టించాం. పెద్ద ఫ్యాను కూడా పెట్టించాను."

ఇంతసేపూ ఆమె వాడు వదిలేసి పోతున్నాడనుకుంది. వాడు వదలడం లేదు, సామాను సర్దుకుంటున్నాడు. కంప్రెసర్, గన్ను, టేపు చుట్టలు, అక్క. అసలు వదిలేసి పోయినా ఇంతకంటే బాగుండేదనిపించింది.

"నా పేరేదిరా అందులో?"

"జనం పేర్లు చూస్తారా అక్కా? అయినా నీకు ఇలాంటివి ఇష్టం ఉండవుగా. ఎప్పుడైనా అడిగావా?"

"పేరు వద్దులే. ఫోటో వేసుకున్నావు, పోనీ. నా పదకొండేళ్ళు ఎవర్నడిగి వేసుకున్నావు?"

అంత నోరున్నవాడు టేపు చుట్టలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె గన్ను తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"నువ్వు మాస్టరువి. మిగతా రెండూ వెయ్యి."

వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆమె కొత్త మాస్కు కూడా ఇచ్చి, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చునేసరికి నవ్వు మానేశాడు. మూడో చక్రం చుట్టూ కార్డులు దూర్చాడు, వాడి పేరున్న వైపు లోపలికి పెట్టి. గన్ను జానెడు దూరంలో పట్టుకుని నొక్కాడు. మొదటి పూతే దట్టంగా పడి, ఊచల మీంచి కిందికి జారడం మొదలెట్టింది.

"అక్కా, కారుతోంది."

ఆమె మోకాళ్ళు వాటంతటవే లేచాయి. చిన్నప్పటి నుంచీ ఆ గొంతు అక్కా అంటే లేవడం వాటికి అలవాటు. బలవంతాన కూర్చుంది. వాడి అవస్థ చూస్తే కడుపు చల్లబడుతుందనుకుంది, చల్లబడలేదు. ఎన్నిసార్లు నేర్పబోయింది! ఊఁ కొడుతూ ఫోను చూసుకునేవాడు. తనుండగా వాడికి నేర్చుకునే అవసరమేముంది? తప్పు తనదేనేమో అని ఒక్క క్షణం అనిపించి, అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. వాడు ఆ నిమిషంలో వెనక్కి తిరిగి, "తప్పయిపోయిందక్కా, పద, బావకి ఉన్నదున్నట్టు చెబుదాం" అని ఉంటే, ఆమె గన్ను అందుకుని తక్కిన రెండు చక్రాలూ అద్దాల్లా చేసి ఇచ్చేది. ఆ ఒక్క మాట కోసమే డ్రమ్ము మీద కాచుకుని కూర్చుంది.

బయట బండి ఆగిన చప్పుడయింది. తమ్ముడు గబగబా గన్ను కింద పెట్టేశాడు. మాస్కు తీసి ఆమె పక్కన డ్రమ్ము మీద పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

బావమరిది లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళాల గుత్తి. "బాగున్నారా వదినగారూ" అని పలకరించి, ముందు చక్రాల దగ్గర గొంతుకూర్చున్నాడు.

"అబ్బ! మాస్టరూ, ఏం వేశావయ్యా! కొత్త రిమ్ములు కొన్నామన్నా నమ్ముతారు." లేచి కారు వెనక్కి నడిచాడు. "ఇదేంటి మరి? కొవ్వొత్తిలా కారిపోయింది?"

తమ్ముడు అక్క వంక చూశాడు. ఆమె కూడా వాడి కళ్ళలోకే చూస్తోంది, చెప్పరా అన్నట్టు.

"అది అక్క వేసింది బావా" అన్నాడు తమ్ముడు. "ఇవాళ తనకి ఒంట్లో బాలేదు."

"అయ్యో! అలాంటప్పుడు ఎందుకండీ శ్రమ? మాస్టరు ఉన్నాడు కదా" అన్నాడు బావమరిది, నిజంగానే జాలిపడుతూ.

మూడేళ్ళ నుంచి ముందు గదిలో ఏం జరుగుతోందో ఆమెకు ఇప్పుడు పూర్తిగా కనబడింది. బాగా కుదిరిన ప్రతి చక్రమూ వాడిదై ఉంటుంది. ఎప్పుడైనా చిన్న పొరపాటు జరిగితే అది అక్కదై ఉంటుంది. ఎంతమందితో అన్నాడో. ఎన్నిసార్లు ఒంట్లో బాలేదన్నాడో. పడ్డ కష్టమంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

ఆమె లేచింది.

"అవునండీ, ఆ కారిపోయిన చక్రమే నేను వేసింది. ముందు రెండూ మీ మాస్టరు వేశాడు. నాలుగోది మీ కళ్ళెదురుగా వేస్తాడు, కూర్చుని చూడండి."

డ్రమ్ముని బావమరిది వైపు జరిపింది. మాస్కు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు "అక్కా" అన్నాడు, పెదాలు మాత్రమే కదిలాయి. ఆమె వాడి వంక చూడకుండా పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

మణికట్టు మీద ఎక్కడో చిట్లిన రబ్బరు ఆరి అతుక్కుని ఉంది. గోటితో గీరుతూ కూర్చుంది. లోపల గన్ను బుస్సుమంది, ఆగింది, మళ్ళీ బుస్సుమంది. బావమరిది ఏదో అడుగుతున్నాడు, తమ్ముడు ఏదో చెబుతున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలనిపించలేదు, ఏడ్చింది.

"అక్కా, ఒక్కసారి రా" అని లోపల్నుంచి కేక వినబడింది. కాసేపటికి ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా.

ఆమె కుళాయి పూర్తిగా తిప్పేసి, నీళ్ళ హోరులో చేతులు కడుక్కుంది.