మైకయ్య పళ్ళ మిషను

గొంతుకు ఆపరేషన్ అయ్యాక మైకయ్యకు మాట పోయింది. ముప్పై ఏళ్ళు తోపుడుబండి మీద పళ్ళమ్మిన మనిషి. వీధి మొదట్లో కేకేస్తే చివరింటివాళ్ళు సంచీ పట్టుకుని బయటికొచ్చేవారు; ఆ పేరు అలా వచ్చిందే. ఇప్పుడు గొంతు ఎంత పెగల్చుకున్నా గాలి తప్ప ఏమీ రాదు. రెండు నెలలు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

కూతురు చూసి చూసి, పెద్దాసుపత్రి ఓపీ హాల్లో పళ్ళ మిషను పెట్టించింది. అద్దాల బీరువాలా ఉంటుంది, లోపల చల్లగా. డబ్బు కట్టి నంబరు నొక్కితే పండు కిందికి జారుతుంది.

"నువ్వు నోరు విప్పక్కర్లేదు నాన్నా. పొద్దున్నే నింపి వచ్చెయ్," అంది.

మొదటి వారం జామపళ్ళన్నీ దెబ్బలు తిన్నాయి. పై అర నుంచి పడటం వల్లేనని కనిపెట్టి, మైకయ్య వాటిని కింది అరలోకి మార్చాడు. పడేచోట మెత్తటి గుడ్డ పరిచాడు. అయినా బేరం అంతంత మాత్రమే. జనం అద్దం ముందు ఆగుతారు, వంగి చూస్తారు, కదిలిపోతారు. వాసన చూడకుండా, నొక్కి చూడకుండా పండు కొనడానికి ఎవరికీ మనసొప్పడం లేదు. అతనికైనా ఒప్పేది కాదు.

ఒకరోజు మిషను నింపుతుంటే ఒకామె వచ్చింది. భర్తకు నాలుగు రోజులుగా ఏదీ సయించడం లేదట, ఏ పండు పెడితే తింటాడని అడిగింది. మైకయ్య నోరు తెరిచి, మూసేసి, మెడ మీది కుట్ల మచ్చ చూపించాడు. ఆమె నొచ్చుకుని వెళ్ళబోతే చెయ్యెత్తి ఆపాడు. సపోటాల్లో నాలుగైదు తడిమి, ఒకటి వాసన చూసి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని పీల్చింది.

మర్నాడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది.

"ఈయన్నడగండి, చెప్తారు," అని నాలిక్కరుచుకుంది.

మైకయ్యకు నవ్వొచ్చింది. చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వాడు.

అరగంట పని మూడు గంటలైంది. కంగారుపడి చూడవచ్చిన కూతురికి, అయిదారుగురి మధ్య తండ్రి చేతులు ఆడిస్తూ కనిపించాడు: ఇది ఈ పూటకి, అది రేపటికి, అదుగో అది మీ అమ్మగారికి వద్దు.

"నువ్వు ఇంటిపట్టున ఉంటావనే కదా నాన్నా, ఇదంతా," అంది దారిలో.

అతను తల అడ్డంగా ఊపాడు. మర్నాటి నుంచి ఆమె మధ్యాహ్నానికి క్యారేజీ కట్టి పంపుతోంది.