ఎర్రదారం ఉన్న వైపు

మొగుడి హెడ్‌ఫోన్స్ తుడవడం ఆమెకు రోజూ ఉండే పని. మెత్తలకు తలనూనె జిడ్డు, చెమట, మడతల్లో గులిమి. మొహం పక్కకు తిప్పుకుని దూదితో తీస్తుంది. పన్నెండేళ్ళుగా తీస్తూనే ఉంది. తుడిచి తుడిచి కుడి, ఎడమ అని చెప్పే అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. కుడివైపు ఆమే ఓ ఎర్రదారం కట్టి, అది చూసి సరిగ్గా ఆయన చేతికందిస్తుంది. దారం సంగతి ఆయనకు తెలియదు. కుడి ఎడమలు వాటంతటవే వచ్చి తన చెవులకు తగులుకుంటాయని ఆయన నమ్మకం కాబోలు.

వెనకగదిలో స్టూడియో ఆయన పేరు మీద ఉంది. మిక్సింగ్ మాత్రం, అంటే ఏ వాయిద్యం ఏ చెవిలో ఎంత వినపడాలో సర్దడం, ఆమె చేస్తుంది. ఈ ఆల్బమ్‌లో డ్రమ్ములను వాయించే మనిషికి తన కుర్చీలోంచి వినపడేట్టు సర్దింది. పెద్ద డ్రమ్ము నడిమధ్యన, టిక్‌టిక్‌మనే జంట తాళాలు ఎడమకు, చివరి బరువు డ్రమ్ము కుడికి. ఆ కుర్చీ ఆమెకు బాగా తెలుసు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు అందులోనే కూర్చుని డ్రమ్ములు వాయించింది. "కాళ్ళు బారచాపుకుని దబదబా బాదడం సంసారం చేసుకునేవాళ్ళ పనేనా?" అంది అత్తగారు, కాపురానికొచ్చిన వారానికే. డ్రమ్ములు అమ్మేశారు. "చెవి పనికొస్తుందిలే, ఇంట్లో కూర్చుని వినొచ్చు," అన్నాడు ఆయన, వరమిస్తున్నట్టు.

పోయిన వారం అడిగింది. "ఈ ఒక్క ఆల్బమ్‌కి నా పేరు వేయిద్దామండీ."

"నా పేరు నీ పేరు కాదూ?" అంటూ ఆయన టీలో వేలు ముంచి, మీగడ తీసి, ఆమె అప్పుడే తుడిచిన బల్లకు రాశాడు.

ఇవాళ ఆల్బమ్ తాలూకు డ్రమ్మరు వచ్చాడు. విని బాగుందంటే, అట్ట మీద వేసే పేరు రాసుకుని వెళ్ళిపోతాడు. "టీ!" అని ఆయన కేకేస్తే, ఆమె తుడుస్తున్న హెడ్‌ఫోన్స్ బల్ల మీదే వదిలి వెళ్ళింది. టీతో తిరిగొచ్చేసరికి స్పీకర్లలో పాట మోగుతోంది.

"నా కుర్చీలో నేనే కూర్చున్నట్టుంది సార్!" అంటున్నాడు డ్రమ్మరు.

"ఊరికే వస్తుందా? అనుభవం," అని ఆయన దర్జాగా బల్ల మీది హెడ్‌ఫోన్స్ తనే తీసి తగిలించుకున్నాడు. ఎర్రదారం ఎడమచెవి మీద ఉంది. క్షణంలో మొహం చిట్లించాడు. "ఛ, తాళాలు కుడిపక్క మోగుతున్నాయే! ఫైళ్ళు సర్దమంటే ఈవిడ అన్నీ తారుమారు చేసింది. ఆడవాళ్ళకు కుడిఎడమలు తెలిసి చస్తేగా!"

మెచ్చుకోలు ఆయనది, తప్పు ఆమెది.

"పొరపాటు నాదేనండీ" అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. రోత పుట్టింది. ఆయన మీద కంటే, ఇన్నేళ్ళు ఆ మాటను నోట్లో పెట్టుకుని తిరిగిన తన మీద ఎక్కువగా.

టీ కింద పెట్టి, ఆయన తల మీది హెడ్‌ఫోన్స్ తీసింది. మెత్తలు వెచ్చగా, జిగటగా వేళ్ళకు అంటుకున్నాయి.

"దారం ఉన్నది కుడివైపండీ, ఈయన తిప్పి పెట్టుకున్నారు," అంది డ్రమ్మరుతో. "మిక్సింగ్ చేసింది నేను. నా పేరు చెబుతాను, రాసుకోండి."

"ఏయ్, నీకేమైంది?" అన్నాడు ఆయన.

హెడ్‌ఫోన్స్ ఆయన ఒళ్ళో పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"దూది సొరుగులో ఉంది," అంది.