ఆఖరి డోసు

స్కాన్ గదుల్లో పనిచేసే టెక్నీషియన్లకు ఒక పాడు మర్యాద ఉంది. తెలిసినవాళ్లొస్తే వరసలో చివర పెడతారు, జనం పలచబడ్డాక తీరిగ్గా చూసుకోవచ్చని. అక్కడ టెక్నీషియన్‌గా ఉన్న మరిది కూడా తన వదినను అలాగే చివర పెట్టాడు. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్ద చేసింది ఆవిడే మరి.

ఆవిడది చూస్తుండగానే పాకే రోగం. ఆ సాయంత్రం ఫొటోలు చూసి పెద్ద డాక్టరు ఆపరేషన్ సంగతి తేల్చాలి. ఇంకాస్త పాకితే కత్తి పెట్టనని ఆయన ముందే చెప్పేశాడు.

పొద్దున రావలసిన మందు బండి మధ్యాహ్నం దాటాక వచ్చింది. సీసపు డబ్బాలో ఉండే ఆ మందులోని అణువులు కిరణాలు వదులుతూ మారిపోతుంటాయి. ఆ కిరణాల వల్లే ఒంట్లో రోగం ఎక్కడ నక్కిందో ఫొటోలో కనబడుతుంది. కానీ ఎవరికీ ఎక్కించకుండా తాళం వేసి పెట్టినా దాని పాటికది తరిగిపోతూనే ఉంటుంది. రెండు గంటలు తిరక్కుండా సగం, మరో రెండు గంటలకు అందులో సగం. ఆలస్యం అమృతం విషం అంటారు. ఇక్కడ విషం కూడా కాదు, ఉత్త నీళ్లు.

బలం తగ్గేకొద్దీ ఒక్కొక్కరికీ మందు ఎక్కువ తీయాల్సి వచ్చింది. వదిన వంతుకు సీసా అడుగున కాస్త మిగిలింది. కొలిచాడు, చాలదు. నమ్మబుద్ధి కాక మళ్లీ కొలిచాడు. ఈసారి ఇంకాస్త తక్కువ చూపించింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే కాబోలు. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

బయట బెంచీ మీద వదిన పొద్దుటి నుంచి పస్తుతో కూర్చుంది.

"నా వంతు వచ్చిందా చిన్నోడా?"

"మందు చాల్లేదు వదినా. మళ్లీ బండి వచ్చే వారమే."

"అడుగున ఉన్నదే ఇచ్చెయ్యరాదూ?"

"ఇచ్చినా ఏమీ కనబడదు."



"నన్ను చివర పెట్టిందెవరు?"

"నేనే వదినా. తీరిగ్గా చూసుకుందామని."

"సర్లే. ఇప్పుడు మంచినీళ్లు తాగొచ్చా?"

తాగొచ్చన్నాడు. గ్లాసు అందిస్తుంటే ఆవిడ అతని ముఖం వంక చూడలేదు.

మరుసటి వారం బండి చెప్పిన వేళకే వచ్చింది. వరసలో వదినే మొదట. ఫొటోలో కాలేయం నిండా చుక్కలు వెలిగాయి. పెద్ద డాక్టరు కత్తి పెట్టనన్నాడు. ఆ రోజు అందరికీ ఎక్కించాక సీసాలో మందు మిగిలింది కూడా.