ఎడమచేతి ముడి

అక్టోబరు పదకొండు, బుధవారం. ఆ పొద్దున మహానగరానికి వెళ్లే రైల్లో మేం తిన్నది ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె, తలా ఒక అరటిపండు. ఉప్పు పొట్లం ఇంటి దగ్గరే ఉండిపోయింది. తప్పు నాదని వదిన, పొట్లం కట్టిన మనిషిదని నేను ఇంకా తేల్చుకోకముందే, ఎదురు సీట్లో ముసలాయన తన డబ్బా మూత తీసి కాసింత ఉప్పు కాగితం మీద పోసి మా వైపు జరిపాడు. పదిమందికీ సరిపోయింది. ఆ మహానగరం అనగానే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ ఉప్పే.

పదిమందిలో తొమ్మండుగురు ఆడవాళ్లు. కుర్చీలకు పేము అల్లే కార్ఖానాలో పనివాళ్లు. పదోవాణ్ణి నేను. నాకు అల్లడం రాదు. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కార్ఖానా వాళ్లకు ఉత్తరాలు రాసిపెడుతుంటాను. నా భార్య అక్కడ ఇరవయ్యారేళ్లు అల్లింది. ఆమె బతికి ఉంటే ఆ రైలు సీట్లో ఆమే కూర్చునేది.

రెండున్నరేళ్ల కిందట నగరంలో ఒక సంగీత భవనం కట్టడం మొదలుపెట్టారు. దానికి ఆరువందల నలభై కుర్చీలు కావలసివస్తే, చట్రాలు ఎక్కడినుంచో వచ్చాయి, పేము మాత్రం మా వాళ్లు అల్లారు. అన్నీ లారీ ఎక్కి వెళ్లిపోయాయి. వాటిని పంపినవాళ్లలో ఒక్కరూ ఆ నగరం మొహం చూసినవాళ్లు కారు. బుధవారాల్లో రెండు నుంచి మూడు దాకా ఎవరైనా భవనం చూడవచ్చని పేపర్లో చదివి నేనే ఉత్తరం రాశాను. రావచ్చని జవాబొచ్చింది.

ఎనిమిదిమంది చూడటానికి బయల్దేరారు. వదిన మాత్రం పనిమీద బయల్దేరింది. వదిన అంటే నా భార్యకు అక్క, కార్ఖానాలో అందరికంటే పెద్దది. ఆమె పని ఏమిటో రైల్లో అందరికీ తెలుసు. ఒక కుర్చీ. ఆరువందల నలభైలో ఆఖరుది. నా భార్య దాన్ని సగం అల్లి, ఒక మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లి, పదకొండు రోజులకు లేకుండా పోయింది. ఆ మర్నాడే లారీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఒక కుర్చీ తక్కువ. వదిన వచ్చి కూర్చుని మిగతా సగం అల్లి, తట్టి బిగువు చూడకుండానే ఇచ్చేసింది. పదహారు నెలలుగా అదే మాట నాతో చెబుతోంది. "ఆ రోజు నా చేతులు నా మాట వినలేదు మరిదిగారూ. అది వదులుగా ఉండుంటుంది. ఎవరో ఒకరు దాంట్లో కూర్చుని రోజూ కుంగుతుంటారు."

ఓదార్చాలని చూసి మానుకున్నాను. చేతిపని చేసేవాళ్లకు ఓదార్పు పనికిరాదు, సరిచేసుకునే వీలు కావాలి. వదిన సంచీలో సుత్తి, మొద్దు సూది, చుట్టచుట్టిన పేము బద్ద ఉన్నాయి.

ఆ బద్ద ముందు ఇంకో పనికి వచ్చింది. స్టేషన్ బయట రోడ్డు దాటాలి. బండ్లు ఎడతెరిపి లేకుండా వస్తున్నాయి. వదిన చుట్ట విప్పి ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చి, మధ్యలో ఎనిమిదిమందినీ పట్టుకోమంది. మేం వరసగా రోడ్డు మీదికి దిగాం. హారన్లు మోగాయి. ఒక కుర్రాడు బండి ఆపి, ఏ ఊరి మేకలండీ ఇవి అన్నాడు. మా వాళ్లలో రేడియో అనే ఆమె ఉంది. నిద్రలో తప్ప నోరు మూయదు కాబట్టి ఆ పేరు. "మీ ఊరి గడ్డి బాగుంటుందంటే వచ్చాం నాయనా, నువ్వు తినగా మిగిలిందా?" అంది. అటుపక్క బస్సు డ్రైవరు నవ్వాపుకోలేక, మేమంతా దాటేదాకా బస్సు అలాగే ఆపి ఉంచాడు. అతనికి నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టాను. పెట్టిన చేతిలో బద్ద కొస ఉంది, దాంతో రేడియోను వెనక్కి లాగినట్టయి, ఆమె నన్నూ నాలుగు మాటలంది.

భవనం పెద్దది. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లిన మేనేజరు చిన్నవాడు, మర్యాదస్తుడు. తలుపు దగ్గర ఒక ముసలి వాచ్‌మన్, చేతిలో తాళాల గుత్తి. లోపల నల్ల కుర్చీలు వరసలు వరసలుగా మెట్లెక్కుతున్నట్టున్నాయి. మా వాళ్లు ఆగిపోయారు. తమ కార్ఖానాలో ఐదైదుగా గోడకు చేరేసి చూసినవి ఇన్ని ఒక్కచోట ఉంటాయని ఊహించినవాళ్లు లేరు.

మేనేజరు అంతా వివరించాడు. కప్పు ఎవరు గీశారో, తివాచీ ఎక్కడిదో, దీపాలు ఎవరు అమర్చారో చెప్పాడు. వేదిక మీద గుసగుసలాడినా ఆఖరి వరసకు వినిపిస్తుందన్నాడు. ద్వారం పక్కన పాలరాతి మీద పేర్లన్నీ చెక్కి ఉన్నాయి, నేను చదివాను. కుర్చీల సంగతి నేనడిగితే, అవి ఏదో కంపెనీ సరఫరా చేసిందన్నాడు. ఆ తర్వాత, దయచేసి కుర్చీలను ముట్టుకోవద్దు అన్నాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది.

కార్ఖానాలో ఒక అలవాటుంది. కుర్చీ అల్లడం పూర్తికాగానే అరచేత్తో పేము మీద ఒక్క దెబ్బ వేసి వింటారు. బిగువుగా ఉంటే ఠంగుమంటుంది, వదులైతే దబ్బుమంటుంది. ఒకరు తడితే చుట్టూ ఉన్నవాళ్లూ తమ తమ కుర్చీలు తట్టి జవాబిస్తారు. ఎవరూ ఆలోచించి చేసేది కాదు, తుమ్మితే పక్కవాళ్లు పలికినట్టు. వదిన చెయ్యి దానంతటదే దగ్గరి కుర్చీ మీద పడింది. ఠంగుమంది. గుసగుస కూడా వినిపించే ఆ భవనంలో ఆ దెబ్బ కప్పు దాకా పోయి తిరిగొచ్చింది. అది తిరిగి వచ్చేలోపే మిగతా ఎనిమిదిమందీ జవాబిచ్చేశారు.

మేనేజరు మొహం పాలిపోయింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. రాత్రికి కచేరీ ఉంది, ఇది చాలా ఖరీదైన సామాను, వెంటనే బయటికి నడవండి అన్నాడు మేనేజరు. నేను క్షమాపణ చెప్పబోయాను. నా నోట్లో ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంటుంది. వదిన నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. తను ఒక కుర్చీలో కూర్చుంది.

"బాబూ, వీటిని మేం నేల మీద కూర్చుని అల్లాం," అంది. "ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. ఇప్పుడు కూర్చున్నాం. ఇందులో ఒకటి వదులుగా ఉంది. అది దొరికేదాకా లేవం."

తొమ్మండుగురూ కూర్చున్నారు. మేనేజరు వాళ్లకు మెల్లగానే నచ్చజెప్పాడు. కుర్చీలు అమ్మేశాక అవి భవనానివి, బాగోగులు చూడటానికి వేరే మనుషులున్నారు అన్నాడు. వదిన చివరిదాకా విని, "కుర్చీ అమ్మాం. మా చెయ్యి అమ్మలేదు," అంది. పోలీసులను పిలవాల్సి వస్తుందన్నాడతను. పిలవమంది రేడియో, వచ్చేటప్పుడు టీ తెమ్మని చెప్పమంది, పొద్దున్నుంచి గొంతు తడవలేదట.

నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. లైబ్రరీలో ముప్పయ్యేళ్లు, గట్టిగా మాట్లాడొద్దని జనాన్ని ఆపినవాణ్ణి. వెళ్లి వదిన పక్క కుర్చీలో కూర్చున్నాను.

మేనేజరు ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతూ బయటికి నడిచాడు. అతను అటు వెళ్లగానే హాల్లో దీపాలన్నీ వెలిగాయి. తిరిగి చూస్తే వాచ్‌మన్ స్విచ్చుల దగ్గర నిలబడి, మా వైపు కాకుండా కప్పు వైపు చూస్తున్నాడు. వదినకు అంతకంటే చెప్పనక్కర్లేదు. తలా ఒక వరస పంచింది. మనిషికో వరస చొప్పున తట్టుకుంటూ పోయారు. ఆ మోత గురించి నేను రాయలేను. ఆ భవనాన్ని కట్టింది ఇందుకేనేమో అనిపించింది, అంతే.

పదిహేడో వరసలో రేడియో చెయ్యి పైకెత్తింది. నోరు మాత్రం విప్పలేదు. ఆమె మాట్లాడకుండా నిలబడటం నేను చూడటం అదే మొదలు. అందరూ తట్టడం ఆపారు. వదిన వెళ్లి తట్టింది. దబ్బుమంది.

అప్పటికి మేనేజరు తిరిగొచ్చాడు. ఆ చప్పుడు అతనికీ వినిపించింది. ఇంతసేపు విన్నదానికీ దానికీ తేడా ఉందని చెవులున్న ఎవరికైనా తెలుస్తుంది. అతనూ మాతోపాటే వంగి చూశాడు.

వదిన కుర్చీని తలకిందులు చేసింది. పేము బద్దల కొసలు చట్రం అడుగున ముడివేసి ఉంటాయి. అందరి ముళ్లూ కుడివైపు తిరుగుతాయి. నా భార్యది ఎడమచేతి వాటం, ఆమె ముళ్లు ఎడమకు తిరుగుతాయి. అంతవరకు నాకు తెలుసు. వదిన కుడి ముళ్లను ఒక్కొక్కటే వేలితో మీటింది. వీణ తీగల్లా బిగిసి ఉన్నాయి. అవి వదినవి. తర్వాత ఎడమ ముళ్లు. ఒక్కొక్కటీ వేలి కింద కదిలింది.

వదిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తల తిప్పి నా వైపు చూసింది. నేను చూశానా లేదా అని.

చూశాను. ఆసుపత్రికి వెళ్లడానికి నెల ముందు నుంచి నా భార్య సీసా మూతలు నాకిచ్చి తీయమనేది. నేను నవ్వి తీసిచ్చేవాణ్ణి. వెలుతురు చాలడం లేదు, కళ్లు అలసిపోతున్నాయి అనేది. కళ్లు కాదు. వేళ్లలో బలం పోయింది. ఎవరికీ చెప్పకుండా రోజూ వెళ్లి అల్లుతూనే ఉంది. పదహారు నెలలు వదిన తన నెత్తిన వేసుకు మోసిన తప్పు వదినది కాదు.

మేనేజరు మెత్తబడ్డాడు. సామాను లోపాలు రాసే పుస్తకం ఒకటి తెప్పించాడు. కుర్చీ నంబరు, లోపం రాసుకుని, అల్లినవాళ్ల పేరు తెలిస్తే చెప్పమన్నాడు.

"నేనే," అంది వదిన వెంటనే. "నా చేతి తప్పు. రాసుకో."

చెల్లెలి పేరు అక్కడ పడకూడదని ఆమె తాపత్రయం. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూసిన చూపు, నోరు మూసుకొమ్మనే. వదిన మాట నేను జవదాటింది ఆ ఒక్కసారే.

"కాదండీ," అన్నాను. "ఇది నా భార్య అల్లింది."

మెల్లగానే అన్నాను, కానీ ఆ హాల్లో అది ఆఖరి వరస దాకా వినిపించి ఉంటుంది. వదిన నన్ను వారించబోయింది. పాలరాతి మీద తివాచీ వాళ్ల పేరు ఉంది, దీపాల వాళ్ల పేరు ఉంది, ఇంత పెద్ద భవనంలో మా వాళ్ల పేరున్న కాగితం ముక్క లేదు, ఉండబోయేది ఈ పుస్తకం ఒక్కటే అయితే ఇందులోనే ఉండనివ్వమని చెప్పాను. ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం పలికి రాయించాను. కింద ఇంకో మాట కూడా రాయమన్నాను: వేళ్లలో బలం లేకపోయినా అల్లడం మానలేదని. మేనేజరు కలం ఆపి, అది లోపాల కింద రాయాల్సిన సంగతి కాదన్నాడు.

"అయితే పక్కన రాయండి," అన్నాను.

పక్కన రాశాడు.

వదిన చేతులు కడుక్కున్నట్టు రెండరచేతులూ రుద్దుకుని, వేడినీళ్లు కావాలంది. విప్పి మళ్లీ అల్లాల్సిన పని లేదట. పేముకు అడుగునుంచి వేడి తడి పట్టించి, తలకిందులుగా తెల్లవార్లూ ఆరనిస్తే బిగుసుకుంటుంది. వాచ్‌మన్ తన గదిలోంచి కెటిల్ తెచ్చాడు. నా తువ్వాలు ఇచ్చాను. వదిన ముళ్ల మీదుగా తువ్వాలు అద్దుతూ పోయింది. ఎడమ ముళ్ల దగ్గర కాస్త నిదానంగా అద్దింది.

ఒక్కటే చిక్కు. ఆ సీటు రాత్రి కచేరీకి అమ్ముడైపోయింది. తడి కుర్చీలో ఎవరైనా కూర్చుంటే ఉన్న బిగువు కూడా పోతుంది. మేనేజరు తల పట్టుకున్నాడు. ఆయన గదిలో కుర్చీ మెత్తగా ఉంటుందా అని రేడియో అడిగింది. మెత్తగానే ఉంటుందని అతను చెప్పాక గానీ ఆ ప్రశ్న ఎందుకో అతనికి తట్టలేదు. పది నిమిషాల్లో పదిహేడో వరసలో, ఆ నల్ల కుర్చీల మధ్య, చక్రాలున్న తోలు కుర్చీ ఒకటి వచ్చి నిలబడింది. ఆ సీటు కొనుక్కున్నవాడి అదృష్టం పండిందంది రేడియో. పాట నచ్చకపోతే దొర్లుకుంటూ ఇంటికి పోవచ్చట. మేనేజరు నవ్వేశాడు.

వాచ్‌మన్ మా కుర్చీని తన గదిలోకి తీసుకెళ్లి, బల్ల మీద తలకిందులుగా పెట్టాడు. రాత్రి తను హాలు తలుపు దగ్గరే ఉంటాడట, ఈ గదితో పనిలేదట. పొద్దున తట్టి చూస్తాను, ఎలా వినబడాలో చెప్పమన్నాడు. వదిన అతని చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లి, ఒక మంచి కుర్చీ మీద ఆ చేత్తోనే కొట్టించింది. రెండుసార్లు. అతను తలూపాడు.

బయట చీకటి పడుతోంది. మా రైలుకు ఇంకా టైముంది. మెట్ల మీద ఎనిమిదిమందీ పేము బద్ద పట్టుకుని వరసగా నిలబడ్డారు. వదిన నా పక్కన ఆగింది.

"మీకు బుద్ధి లేదు మరిదిగారూ," అంది.

"లేదు," అన్నాను.

బద్ద రెండో కొస నా చేతికిచ్చింది. వెళ్లబోతూ వెనక్కి చూశాను. వాచ్‌మన్ తన గది దీపం ఆర్పి, ఒకసారి లోపలికి తొంగిచూసి, కుర్చీకి నిద్రాభంగం అవుతుందేమో అన్నట్టు, ఆ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.